శనార్తి

శనార్తి తెలంగాణ పల్లెల్లో ఎదురైన మనిషిని చేతులు జోడించి పలకరించే మాట. బహువచనంలో శనార్తులు అంటారు. శనార్థి, సనార్తి అనే రూపాలు కూడా ఉన్నాయి. దీని మూలరూపం శరణార్థి. 12వ శతాబ్దంలో కల్యాణ నగరంలో బసవేశ్వరుని చుట్టూ చేరిన శివభక్తులు ఒకరినొకరు ‘శరణు శరణార్థి’ అని పలకరించుకున్నారనీ, ఆ పలకరింపే వీరశైవంతో పాటు తెలుగు నేలకు వచ్చి ఇక్కడి నోళ్లలో శనార్తిగా మారిందనీ చెబుతారు. కులం చూడకుండా మనిషి మనిషికి తలవంచాలన్న భావంతో మొదలైన ఈ మాట, మధ్యలో కిందివారు పైవారికి చెప్పే మాటగా కుదించుకుపోయింది. చదువుల కాలంలో నమస్తేకు చోటిచ్చి పక్కకు జరిగింది. తెలంగాణ ఉద్యమం తర్వాత మళ్లీ సభల మీదికీ తెర మీదికీ వచ్చింది. ఒక్క పలకరింపు చరిత్రలో ఒక ప్రాంతపు మర్యాదల చరిత్ర అంతా ఇమిడి ఉంది.

మర్పల్లి, తాండూరు: మాటలు కలిసే చోటు

ఈ మాట నడిచి వచ్చిన దారిని అర్థం చేసుకోవడానికి వికారాబాద్ జిల్లా పడమటి అంచు మంచి చోటు. మర్పల్లి ఈ జిల్లాలో ఒక మండల కేంద్రం. వికారాబాద్ నుంచి బీదర్ మీదుగా పర్లి వైద్యనాథ్ వెళ్లే రైలు దారిలో ఇక్కడ స్టేషన్ ఉంది. అదే దారిలో ముందుకు వెళితే కోహీర్, జహీరాబాద్, ఆ తర్వాత బీదర్. ఇటు తాండూరు 1874లో వేసిన సికింద్రాబాద్–వాడి రైలు మార్గం మీద ఉంది. తాండూరు దాటితే కర్ణాటకలోని సేడం, చించోళి ప్రాంతాలు మొదలవుతాయి.

ఇప్పుడు రాష్ట్ర సరిహద్దుగా కనిపిస్తున్న గీత పాతది కాదు. నిజాం రాజ్యంలో తెలుగు, కన్నడ, మరాఠీ జిల్లాలు ఒకే పాలన కింద ఉండేవి. తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు బీదర్ జిల్లాలో ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన అమలైనప్పుడు ఇవి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం రంగారెడ్డి జిల్లాలో ఉండేది.

అందుకే ఇక్కడి సంతలో ఒకే పూట నాలుగైదు భాషల పలకరింపులు వినబడతాయి. తెలుగువారి దండం, నమస్తే; బసవేశ్వరుని అనుసరించే, కన్నడ మాట్లాడే లింగాయతుల శరణు; ముస్లింల సలాం; లంబాడీ తండాల రాం రాం. శరణప్ప, బసప్ప, బస్వరాజ్ వంటి పేర్లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. తాండూరులో భావిగి భద్రేశ్వర స్వామి గుడి, జరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని గుడి రెండు భాషల భక్తులకూ మొక్కుబడి చోట్లు. పెండ్లి సంబంధాలు, అంగళ్లు, జాతరలు కలిసి సాగే ఇలాంటి చోట పలకరింపు మాట సరిహద్దు దాటడానికి పండితుల అవసరం ఉండదు.

శరణం: పాత మాట, కొత్త మతాలు

శరణం అనే సంస్కృత పదానికి ఆశ్రయం, రక్షణ, తలదాచుకునే చోటు అని అర్థాలు. అర్థి అంటే కోరేవాడు. రెండూ కలిస్తే శరణార్థి, ఆశ్రయం కోరి వచ్చినవాడు. భారతదేశంలో పుట్టిన మతాలన్నీ ఈ శరణ భావాన్ని తమదిగా చేసుకున్నాయి. బౌద్ధంలో చేరేవారు బుద్ధుని, ధర్మాన్ని, సంఘాన్ని ఆశ్రయిస్తున్నామని చెప్పడం త్రిశరణం. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్, సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి చూస్తే ఆ మతం తెలంగాణ నేల మీద ఎంతగా వేళ్లూనిందో తెలుస్తుంది. రామానుజాచార్యుల సంప్రదాయంలో శరణాగతి మోక్షమార్గమే అయింది. అయ్యప్ప దీక్షలో ఉన్నవారు 41 రోజుల పాటు ఎదురైన ప్రతి మాలధారినీ ‘స్వామి శరణం’ అని పలకరించడం నేటికీ ప్రతి ఊళ్లో వినిపిస్తుంది.

దేవుని ముందు అనే మాట మనుషుల మధ్య పలకరింపుగా మారడం ఈ సంప్రదాయాలలో తరచుగా జరిగింది. ఎదుటి మనిషిలో దేవుడు ఉన్నాడని నమ్మినప్పుడు దేవునికి చెప్పే మాటనే అతనికీ చెబుతారు. ఆ పనిని అందరికంటే గట్టిగా చేసినవారు కల్యాణంలోని శివశరణులు.

కల్యాణ నగరంలో

ఇప్పటి కర్ణాటకలో బీదర్ జిల్లాలో ఉన్న బసవకల్యాణం ఒకప్పుడు పశ్చిమ చాళుక్యుల రాజధాని. 12వ శతాబ్దం నడుమ కలచురి బిజ్జలుడు ఆ సింహాసనాన్ని ఆక్రమించుకున్నాడు. అతని కొలువులో భాండారిగా పనిచేసిన బసవేశ్వరుడు అక్కడ కొత్త భక్తి ఉద్యమాన్ని నడిపాడు. మెడలో ఇష్టలింగం ధరించిన ప్రతి మనిషీ నడిచే గుడి అన్నది ఆ ఉద్యమం నమ్మకం. చెప్పులు కుట్టేవారు, చాకలివారు, పడవ నడిపేవారు, బ్రాహ్మణులు, స్త్రీలు అందరూ అందులో శరణులే. అనుభవ మంటపం అనే సభలో వారంతా కూర్చుని చర్చలు చేశారని సంప్రదాయం చెబుతుంది. వారు కన్నడంలో చెప్పిన వచనాలు ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయి.

ఈ పలకరింపు విలువ ఎంతటిదో చెప్పే కథ ఒకటి కన్నడ, తెలుగు సీమల్లో పరంపరగా వస్తోంది. చెప్పులు కుట్టే హరళయ్య ఒకరోజు దారిలో బసవేశ్వరుని చూసి ‘శరణు’ అన్నాడు. బసవేశ్వరుడు బదులుగా ‘శరణు శరణార్థి’ అన్నాడు. తాను ఒక్క శరణు చెబితే అంతటివాడు రెట్టింపు చెప్పాడని హరళయ్య బెంగపడ్డాడు. ఆ రుణం తీర్చుకోవడానికి అతనూ, అతని భార్య కల్యాణమ్మా తమ తొడల చర్మంతో చెప్పులు కుట్టి తెచ్చి ఇచ్చారట. బసవేశ్వరుడు వాటిని కాళ్లకు తొడగకుండా తల మీద పెట్టుకున్నాడట. తర్వాత బ్రాహ్మణుడైన మధువరసు కూతురికీ, హరళయ్య కొడుకుకూ పెండ్లి జరగడం, బిజ్జలుడు ఇద్దరు తండ్రులనూ దారుణంగా శిక్షించడం, కల్యాణం అల్లకల్లోలం కావడం ఆ కథలోని తరువాతి ఘట్టాలు. గిరీష్ కర్నాడ్ ‘తలెదండ’ నాటకానికి ఈ ఘట్టాలే వస్తువు. బసవకల్యాణంలో హరళయ్య పేరుతో గుహ ఉంది.

కథలోని వివరాలు భక్తుల కల్పన కావచ్చు. దానిలోని లెక్క మాత్రం సూటిగా ఉంది. కుల సమాజంలో కిందివాడు వంగి దండం పెడితే పైవాడు బదులు చెప్పనవసరం లేదు. శరణుల మధ్య బదులు తప్పనిసరి. పైగా ఆ బదులు అందుకున్నదానికంటే పెద్దదిగా ఉండాలి. మంత్రి స్థాయి మనిషి చెప్పులు కుట్టేవానికి రెట్టింపు వందనం చేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. శరణార్థి అనే మాట ప్రయాణం అక్కడ మొదలైంది.

తెలుగు నేల మీదికి

బసవేశ్వరుని జీవితాన్ని మొదట సమగ్రంగా కావ్యంగా చెప్పిన ఘనత తెలుగుది. ఆ కవి పాల్కురికి సోమనాథుడు. జనగామ జిల్లా పాలకుర్తి ఆయన ఊరని తెలంగాణలో ఎక్కువమంది నమ్మకం. మార్గ కవులు సంస్కృత వృత్తాలతో కావ్యాలు రాస్తున్న కాలంలో ఆయన పాటకు దగ్గరగా ఉండే ద్విపదను, జాను తెనుగును ఎంచుకున్నాడు. బసవ పురాణంలో, పండితారాధ్య చరిత్రలో శివభక్తుల ఇళ్లు, వంటలు, ఆటలు, పండుగలు, పలకరింపులు కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయుల నాటి జనజీవితాన్ని చిత్రించడానికి సోమనాథుని కావ్యాలను విస్తారంగా వాడుకున్నాడు. బసవ పురాణం 1369లో భీమకవి చేతుల మీదుగా కన్నడంలోకి వెళ్లింది. కన్నడ దేశంలో పుట్టిన ఉద్యమం తెలుగు ద్విపదలో కథై మళ్లీ కన్నడానికి చేరడం ఈ రెండు భాషల సంబంధానికి గొప్ప ఉదాహరణ.

కావ్యాలు చదివిన ఇళ్లు కొన్నే. శరణార్థిని ఊరూరికీ చేర్చినవారు జంగములు. గంట, శంఖం పట్టుకొని ఇంటింటికీ వచ్చి బసవని కథలు చెప్పి భిక్ష తీసుకునే జంగమయ్యకు ఇంటివారు శరణార్థి చెప్పేవారు. ఆయన పిల్లలకు విభూతి పెట్టి దీవించేవాడు. కుమ్మరి, సాలె, బలిజ వంటి వృత్తి కులాలలో శైవాన్ని పాటించిన కుటుంబాలు ఎన్నో. వారి పనులు ఊరందరితో ముడిపడినవి. ఒక మతం వారి పలకరింపు ఆ మతంతో సంబంధం లేనివారి నోళ్లకు కూడా ఎక్కడానికి ఆ రోజువారీ ఇచ్చిపుచ్చుకోవడాలే దారి వేశాయి.

శరణార్థి శనార్తి అయిన తీరు

మాటలోని మార్పు తెలంగాణ పలుకు నియమాల ప్రకారమే జరిగింది. ఒకే మాటలో రెండు రకారాలు దగ్గరగా వచ్చినప్పుడు ఒకటి జారిపోవడం సహజం. శరణార్థిలోని మొదటి రకారం అలా పోయింది. ణకారం నకారమైంది. వత్తు థకారం తేలికై తకారమైంది. ప్రాణం అనే మాట పానం కావడంలో రకారం పోవడం, ణకారం నకారం కావడం రెండూ కనిపిస్తాయి. అర్థం అనే మాటను అర్తం అనడంలో వత్తు తేలిక కావడం కనిపిస్తుంది. శకారాన్ని కొందరు సకారంగా పలుకుతారు కనుక సనార్తి అనే రూపం కూడా ఉంది. శని గ్రహంతో ఈ మాటకు ఏ సంబంధమూ లేదు.

పుట్టుక విషయంలో రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. శరణు, ఆర్తి కలిసి శరణార్తి అయిందనీ, ఆర్తితో చెప్పే శరణు అని దాని భావమనీ కొందరు అంటారు. శరణం, అర్థి కలిసి శరణార్థి అయిందన్నది రెండో వివరణ. కన్నడంలో లింగాయతులు నేటికీ వత్తు థకారంతో శరణార్థి అనే రాయడం, పలకడం రెండో దానికి బలమిస్తుంది.

వ్యాకరణంలోనూ మాట స్థానం మారింది. మొదట అది మనిషిని సూచించే పదం: ‘నేను శరణు కోరి వచ్చినవాణ్ని’ అని చెప్పుకోవడం. తర్వాత ఆ అర్థం మరుగున పడి పలకరింపుగా మిగిలింది. ఆపై ఆ పలకరింపే ఒక వస్తువులా నామవాచకమైంది. శనార్తి పెట్టిండు, శనార్తి చెప్పిండు, అందరికి శనార్తులు అనే ప్రయోగాలు అలా వచ్చాయి. సంస్కృతంలో ‘నీకు నమస్సు’ అనే పూర్తి వాక్యమైన నమస్తే కూడా ‘నమస్తే పెట్టిండు’ అనే చోట ఇదే దారిలో నడిచింది.

అదే సంస్కృత పదం హిందీలో వేరే దారి పట్టింది. 1947 దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన లక్షలాది మందిని అక్కడ శరణార్థులు అన్నారు. తెలుగు పత్రికలు కూడా ఆ అర్థంలో ఈ పదాన్ని వాడతాయి. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు మాటలు తెలుగులో పక్కపక్కనే ఉన్నాయి: వార్తల్లోని శరణార్థి నిలువ నీడ కోల్పోయినవాడు, ఊళ్లోని శనార్తి ఎదురైనవారికి ఇచ్చే మర్యాద.

ఊళ్లో వాడుక

శనార్తిని ఒంటరిగా అనడం తక్కువ. దాని వెంట వరసో, హోదానో, పిలుపో ఉంటుంది. శనార్తి బాపు, శనార్తి పటేలా, శనార్తి సారూ, శనార్తి అక్కా అంటారు. రెండు చేతులూ జోడించి అనవచ్చు. నెత్తిన మూటో చేతిలో పగ్గమో ఉన్నవాడు ఒంటి చేత్తో నుదుటిని తాకుతూ కూడా అంటాడు. ఈ రెండో పద్ధతిలో సలాం ఛాయ కనిపిస్తుంది. బదులుగా శనార్తి అనీ, మంచిగున్నవా అనీ, అంత మంచిదేనా అనీ అడుగుతారు.

దగ్గరివారి మధ్య తెలుగు పల్లెల్లో అసలు పలకరింపులు ప్రశ్నలే. యాడికి వోతున్నవ్, బువ్వ తిన్నవా, వానలెట్లున్నయ్, పిల్లలు మంచిగున్నరా అనే మాటలతోనే రోజు మొదలవుతుంది. ఇంట్లో అన్నదమ్ములు ఒకరికొకరు శనార్తి చెప్పుకోరు. కొంత దూరం, కొంత గౌరవం, కొంత సందర్భం ఉన్నచోటే అది వస్తుంది. చాలా రోజులకు కలిసిన బంధువు, పరాయి ఊరి పెద్దమనిషి, ఇంటికి వచ్చిన జంగమయ్య, పంచాయితీకి కూర్చున్న పెద్దలు దానికి తగినవారు. విడిపోయేటప్పుడు మాత్రం పోత అనకూడదు, పోయొస్త అనాలి. ఎదుటివారు మంచిది అని సాగనంపుతారు.

దొరల కాలం

శనార్తికి తగిలిన పెద్ద దెబ్బ జాగీర్దారీ కాలంలోది. నిజాం రాజ్యంలో భూమి చాలా మటుకు జాగీర్దార్లు, దేశ్‌ముఖుల చేతుల్లో ఉండేది. వికారాబాద్ కూడా పాయిగా జాగీరులోదే. ఆ పట్టణానికి పాయిగా కుటుంబానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా పేరు వచ్చింది. ఊళ్లలో దొర గడీ ముందు నుంచి పోయేవాడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి. బాంచెను దొరా, కాల్మొక్త అనాలి. బాంచె అంటే బానిస. పలకరింపు పేరుతో రోజూ తన బానిసత్వాన్ని తానే ఒప్పుకోవలసిన స్థితి అది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల ఆ లోకాన్ని తెలంగాణ పలుకులోనే చూపించింది.

ఆ గాలి శనార్తికి కూడా తగిలింది. శరణుల మధ్య ఇద్దరూ చెప్పుకున్న మాట, గడీల ఊళ్లలో ఒకవైపు మాత్రమే నడిచే మాటగా మారింది. పనివాడు శనార్తి అంటే పటేలు తల ఊపేవాడు, లేదా అదీ చేసేవాడు కాదు. హరళయ్య కథలో చిన్నవానికి రెట్టింపు బదులు దక్కింది. గడీ వాకిట్లో బదులే దక్కలేదు. మాట అదే అయినా అందులోని సమానత పోయింది.

1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటం భూమితో పాటు ఈ మాటల మర్యాదనూ కదిలించింది. ఆ పోరాటాన్ని నడిపిన సంఘం వచ్చిన ఊళ్లలో బాంచెను అనడం మానేయడం వెట్టి మానేయడంతో సమానమైన తిరుగుబాటు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. బాంచెను అనే మాట జనం నోటి నుంచి మెల్లగా పోయింది. శనార్తి మాత్రం మిగిలింది, దాని పుట్టుకలోనే పరస్పర గౌరవం ఉంది కనుక.

పక్కనే ఉన్న పలకరింపులు

శనార్తి ఒంటరిగా బతకలేదు. దాని చుట్టూ ఉన్న మాటలన్నీ ఒక్కొక్క చరిత్రను మోస్తున్నాయి.

దండం అనే మాట కర్రలా నిటారుగా నేల మీద పడి చేసే దండప్రణామం నుంచి వచ్చింది. ఇప్పుడు చేతులు జోడించినా దండమే. మొక్కు పాత తెలుగులో మ్రొక్కు. దేవునికి చెల్లించే మొక్కుబడి, కాల్మొక్కడం రెండూ దాని నుంచే వచ్చాయి.

నమస్తే వేదకాలపు మాట. యజుర్వేదంలోని రుద్రానికి నమకం అనే పేరు రావడానికి అందులో పదేపదే వచ్చే నమః అనే పదమే కారణం. అయితే అది సామాన్యుల రోజువారీ పలకరింపుగా ఉత్తర భారతంలో పాకడంలో 1875లో దయానంద సరస్వతి స్థాపించిన ఆర్యసమాజం పాత్ర పెద్దది. కులభేదం లేకుండా అందరూ ఒకే మాటతో పలకరించుకోవాలని ఆ సమాజం నేర్పింది. హైదరాబాద్‌లో ఆర్యసమాజం 1892లో మొదలైంది. 1938–39లో నిజాం ప్రభుత్వం మీద అది సత్యాగ్రహం నడిపిన రోజుల్లో నమస్తేకు రాజకీయ రంగు కూడా ఉండేది.

సలాం అరబ్బీ మాట, శాంతి అని అర్థం. అస్సలాము అలైకుం అంటే మీకు శాంతి కలగాలని. దానికి వాలేకుం అస్సలాం అని బదులు చెప్పడం మతపరమైన బాధ్యత. ఆ రెండు వైపుల నియమంలో సలాంకూ శరణుకూ పోలిక ఉంది. ఆదాబ్ కూడా అరబ్బీ నుంచే వచ్చింది, మర్యాదలు అని దాని భావం. మతంతో పని లేని పలకరింపుగా హైదరాబాద్ నగరంలో హిందువులూ ముస్లింలూ దీన్ని వాడుకున్నారు. వికారాబాద్, తాండూరు బజార్లలో పాత తరం వ్యాపారులు మనిషిని బట్టి సలాం, ఆదాబ్, నమస్తే, శనార్తి మార్చి మార్చి వాడటం మర్యాద తెలిసినతనానికి గుర్తు.

లంబాడీ పెద్దలు రాం రాం అంటారు. సేవాలాల్ మహరాజ్ భక్తులు జై సేవాలాల్ అంటారు. జోహార్ జార్ఖండ్ ఆదివాసుల్లో నేటికీ బతికున్నవారి పలకరింపు. తెలుగులో జోహార్లు అమరులకు అర్పించే నివాళిగా స్థిరపడింది. కమ్యూనిస్టుల లాల్ సలాం, అంబేడ్కర్ అనుచరుల జై భీమ్ ఇరవయ్యో శతాబ్దపు పోరాటాల నుంచి వచ్చాయి. జై భీమ్‌ను ప్రచారంలోకి తెచ్చినవాడిగా నాగపూర్ దగ్గరి కామ్ఠీకి చెందిన బాబు హర్దాస్‌ను చెబుతారు. బానిస మర్యాదలు వద్దనుకున్నవారు తమ గౌరవాన్ని ప్రకటించే కొత్త పలకరింపును తయారు చేసుకోవడం కల్యాణం నుంచి కామ్ఠీ దాకా కనిపించే పద్ధతి.

వెనక్కి తగ్గిన రోజులు

బడులు పెరిగినకొద్దీ శనార్తి తగ్గింది. పాఠ్యపుస్తకాల తెలుగు, రేడియో తెలుగు, సినిమా తెలుగు అన్నీ నమస్కారాన్నే మర్యాద మాటగా నేర్పాయి. తరగతిలోకి పంతులు రాగానే పిల్లలంతా లేచి సాగదీసి ‘నమస్తే సార్’ అనడం తెలంగాణ బడుల్లో అలవాటైంది. ఇంగ్లీషు మీడియంలో అది గుడ్ మార్నింగ్ అయింది. 1877లో ఎడిసన్ టెలిఫోన్ కోసం సూచించిన హలో, సెల్‌ఫోన్‌తో పాటు పొలం గట్టు దాకా వచ్చింది. పట్నంలో శనార్తి అంటే నవ్వుతారేమోనన్న జంకుతో చదువుకున్న పిల్లలు దాన్ని ఇంటి గడప దగ్గరే వదిలేశారు. తెలంగాణ యాసను సినిమాల్లో హాస్యపాత్రలకు, రౌడీ పాత్రలకు అంటగట్టిన దశాబ్దాలవి. ఆ చిన్నచూపు మాటలను తినేసింది. లింగాయతుల ఇళ్లలో, ముసలివారి నోళ్లలో, జాతరల్లో మాత్రం శనార్తి నిలిచింది.

ఉద్యమం తర్వాత

1969లో మొదలై, 2000 తర్వాత మళ్లీ ఉప్పొంగిన తెలంగాణ ఉద్యమం భాషను ఆత్మగౌరవ ప్రశ్నగా ముందుకు తెచ్చింది. ఉద్యమ రోజుల్లో జై తెలంగాణ అనేదే పలకరింపు, అదే వీడ్కోలు. నలిమెల భాస్కర్ వంటివారు తెలంగాణ పదకోశాలు కూర్చారు. కవులు, కథకులు మాండలికంలోనే రాయడం హక్కుగా భావించారు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డాక, కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రభుత్వం ప్రకటించింది.

ఈ కాలంలోనే శనార్తి కొత్త ప్రాణం పోసుకుంది. టీవీ చానళ్లలో తెలంగాణ యాసలో వార్తలు చెప్పే కార్యక్రమాలు వచ్చాయి. ‘అందరికి శనార్తులు’ అంటూ మొదలుపెట్టడం ఆ తరహా కార్యక్రమాలలో పరిచితమైన పద్ధతి. పుస్తకాల ముందుమాటల్లో, సభల ఆహ్వానాల్లో కృతజ్ఞతలకూ వందనాలకూ బదులుగా శనార్తులు కనిపించసాగాయి. ‘నమస్తే తెలంగాణ’ దినపత్రిక 2011లో ఒక పలకరింపునే పేరుగా పెట్టుకుంది. తర్వాత ‘శనార్తి తెలంగాణ’ అనే పత్రిక కూడా వచ్చింది. ఒకప్పుడు పల్లెటూరి మాటగా పక్కన పెట్టినది పత్రిక తలకట్టు మీదికి ఎక్కింది.

ఈ పునర్జీవనంలో మాట అర్థం మళ్లీ మారింది. ఇప్పుడు శనార్తి చెప్పేవారిలో చాలామందికి శివశరణులతో పని లేదు. వారు చెప్పేది తమ ఊరిని, తమ పలుకును. మతం నుంచి ఊరి మర్యాదకు, అక్కడి నుంచి ప్రాంతపు గుర్తుకు ఈ మాట చేరింది. దీనితో పాటు ఒక లోటు కూడా వచ్చింది. వేదిక మీది వక్త వేలమందికి శనార్తులు చెబుతాడు, కింద కూర్చున్నవారు బదులు చెప్పే వీలు లేదు. కెమెరా ముందు చెప్పే శనార్తికి కూడా అంతే. ఒకరికొకరు చెప్పుకునే మాట ప్రకటనగా మారితే దాని సగమే మిగులుతుంది.

నేటి స్థితి

మర్పల్లి, మోమిన్‌పేట, తాండూరు, కొడంగల్ ప్రాంతాల్లో శనార్తి ఇప్పుడు ప్రధానంగా పెద్దవారి మాట. లింగాయత కుటుంబాలు శరణు శరణార్థిని పూర్తి రూపంలో వాడుతున్నాయి. వైశాఖ శుద్ధ తదియ నాడు జరిగే బసవ జయంతి ఊరేగింపుల్లో అది గట్టిగా వినిపిస్తుంది. కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరిలో బసవేశ్వరుని తమ రాష్ట్ర సాంస్కృతిక నాయకునిగా ప్రకటించింది. బసవకల్యాణంలోని 108 అడుగుల బసవేశ్వర విగ్రహాన్ని చూడడానికి తెలంగాణ పల్లెల నుంచి కూడా జనం వెళ్తుంటారు. పిల్లల పలకరింపులు మాత్రం హాయ్, హలో, నమస్తేల మధ్యే తిరుగుతున్నాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపడం మాని చేతులు జోడించడం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఆ ఏడాది మార్చిలో స్పెయిన్ రాజును నమస్తేతో స్వాగతించాడు. పలకరింపు పద్ధతులు అవసరాన్ని బట్టి ఎంత త్వరగా మారగలవో ఆ రోజులు చూపించాయి. ఒక తరం పాటు వాడకపోతే మాట పోతుంది, ఒక తరం పట్టుబడితే తిరిగి వస్తుంది.

తెలుగు పలకరింపుల్లో శనార్తిది ప్రత్యేకమైన స్థానం. సంస్కృత మూలం, కన్నడ ఉద్యమం, తెలుగు పలుకు, సలాం ఛాయ ఉన్న సైగ ఇందులో కలిసి ఉన్నాయి. ఎక్కువ తక్కువలు చెరిపేయడానికి పుట్టిన మాట కనుక దీన్ని నిలబెట్టడమంటే పత్రికల పేర్లలోనో, వేదికల మీదనో వాడటం ఒక్కటే సరిపోదు. వయసులో, కులంలో, హోదాలో తనకంటే చిన్నవారనుకునే మనిషికి ముందుగా తానే శనార్తి చెప్పడం, చెప్పినవారికి మనసారా బదులివ్వడం దాని అసలు వాడుక. ఇంట్లో పెద్దవారి నోట ఈ మాట ఇంకా ఉన్న ప్రతి కుటుంబం దాన్ని పిల్లలకు ఆ అర్థంతోనే అందించాలి.